చెమట గీత

చెయ్యి వెల్లకిలా పెట్టండి, వేళ్ళు వదులుగా ఉంచండి, అంటున్నాడు కొలతలాయన. వదులుగా ఎలా ఉంచాలో నాకు తెలిస్తే కదా. బుద్ధెరిగినప్పటినుంచి ఈ వేళ్ళు పిడికిట్లోనే పెరిగాయి, జేబుల్లో, రుమాలు మడతల్లో, బల్ల కింద, ఒళ్ళో పుస్తకం కింద, ఎక్కడ కాస్త చాటు దొరికితే అక్కడ దాక్కుని పెరిగాయి. ఇప్పుడు ఇంత తెల్లటి లైటు కింద, చిన్న దిండు మీద, అందరూ చూసేలా పడుకోమంటే ఊరికే పడుకుంటాయా, వాటంతటవే ముడుచుకుపోతున్నాయి. ఆయన ఓపిగ్గా ఒక్కో వేలూ విప్పి, సీసా మూతంత గిన్నె ఒకటి బోర్లించి అరచేతి మధ్యలో అతికించాడు. గిన్నెకి సన్నటి గొట్టాలు రెండు. ఒకదాంట్లోంచి పొడిగాలి లోపలికి వెళ్తుంది, చేతిమీద తడి ఉంటే దాన్ని ఎత్తుకుని రెండోదాంట్లోంచి బయటికొస్తుంది, అందులో తడి ఎంతుందో బల్లమీది పెట్టె పసిగట్టి స్క్రీను మీద గీత గీస్తుంది. తడి ఉంటే గీత లేస్తుంది, లేకపోతే అడుగున పడుకుంటుంది. ఇంతోటిదానికి ఓ గంట. అలాంటిదే ఇంకో గిన్నె నా వీపుకి, భుజాల మధ్యన అంటించాడు, చల్లగా తగిలి ఒళ్ళు ఝల్లుమంది. స్క్రీను మాత్రం తనవైపు తిప్పేసుకున్నాడు. "మీరు చూస్తే భయపడతారు, భయపడితే చెమట పడుతుంది. అప్పుడు నేను మీ చేతిని కొలిచినట్టు కాదండీ, నా స్క్రీనుని కొలిచినట్టు," అన్నాడు. పోయినసారీ ఇదే జోకు. అప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వలేదు, ఆయన మాత్రం రెండుసార్లూ నవ్వుకున్నాడు.

కాసేపు ఏమీ చెయ్యొద్దట, ఏమీ ఆలోచించొద్దట. ఏమీ ఆలోచించకుండా ఉండటం అంత తేలికైతే ఈ రోగమే నాకు వచ్చేది కాదు. గది మాత్రం బాగుంది, కిటికీ లేదు, గాలి కదలదు, గోడకి ఆకుపచ్చ రంగు సగం దాకా వేసి మిగతాది వదిలేశారు, ఓ మూల స్టాండు మీద వేడిదీపం ఉంది, దాని వంతు తరవాత వస్తుంది. గోడ గడియారం ఒకటుంది. అది వెనకపడి నడుస్తోంది, లోపల నూనె ఎండిపోయుంటుంది, చప్పుడులోనే తెలిసిపోతోంది, టక్ అన్న తరవాత ఓ చిన్న గీరుడు. అత్తయ్య అయితే ఈపాటికి కుర్చీ ఎక్కి దాన్ని దింపేసి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు గడియారానికే పలకరింపు, తరవాతే మనుషులకి. బయట వరండాలో కూర్చునుంది అత్తయ్య, నాన్నకి అక్క, వీధిలో వాళ్ళకి గడియారాలావిడ, నాకు అమ్మా బాబూ గురువూ పోలీసూ అన్నీ ఆవిడే. చదువుకోసమని నన్ను ఆవిడ దగ్గర దింపి వెళ్ళారు, చదువు అయిపోయింది, నేను కదల్లేదు. కొట్టు కింద, ఇల్లు పైన. పొద్దున్నే కింద షట్టరు లేచిన చప్పుడుకి పైన నాకు మెలకువ. బల్ల వెనక ఆవిడ కుర్చీ, ఎదురుగా మెడ వంచుకున్న దీపం, కంటికి బిగించుకునే భూతద్దం, ట్వీజర్లు వరసగా పెద్దవీ చిన్నవీ, అద్దం మూతల కింద విప్పిన గడియారాలు, పేరు రాసిన చీటీలు. ఆ కుర్చీలో కూర్చోవాలని తప్ప నేనింకేమీ కోరుకోలేదు. నగలడగలేదు, ఊళ్ళు తిరగాలనలేదు, నాకు ఆ కుర్చీ కావాలి.

అత్తయ్య కుడికంటికి పొర కమ్మింది. ఎడమకన్ను ఎప్పుడూ అంతంతమాత్రమే. హెయిర్ స్ప్రింగు కనబడటంలేదే, అని ఓ రోజు చాలా మామూలుగా అంది, ఉప్పు అయిపోయిందే అన్నట్టు. అది వెంట్రుక కన్నా సన్నం, చుట్టలు చుట్టుకుని ఉంటుంది, గడియారానికి ఊపిరి అదే. అది కనబడకపోతే ఇంకేముంది, బెల్టులు మార్చుకోవడం, సెల్లులు వేసుకోవడం. పక్కన ఫోన్ల కొట్టాయన గోడ కొట్టేసి మా గది కూడా కలిపేసుకోవాలని కాచుక్కూర్చున్నాడు. మంచివాడే పాపం, వచ్చినప్పుడల్లా తొందరేం లేదండీ అంటాడు, అంటూనే అడుగులేసి గది కొలుచుకుంటాడు. అందుకే పోయిన వారం నేనే తెగేసి చెప్పాను, కొలతరోజు గీత లేచిందంటే ఇక నామీద ఆశ పెట్టుకోకు అత్తయ్యా, గది ఇచ్చేస్తున్నట్టు ఆ ఫోన్లాయన కాయితం మీద సంతకం పెట్టెయ్, లేవకపోతే మర్నాడే నేను కుర్చీలో కూర్చుంటా అని. ఆవిడ చెంచాతో టీ కలుపుకుంటూ కూర్చుంది, కరిగిపోయిన పంచదారని ఇంకా కలుపుతూనే ఉంది. అంచేత ఇప్పుడు ఈ సీసామూత కింద నా చెయ్యి మాత్రమే లేదు, కుర్చీ ఉంది, కొట్టుంది, కింద షట్టరు చప్పుడుంది. ఇవన్నీ నెత్తిన పెట్టి ఏమీ ఆలోచించకండి అంటాడు ఈయన.

"గట్టిగా ఊపిరి పీల్చండి. ఊఁ, వదలండి." పీల్చాను. చంకల కింద కుట్ల మచ్చలు చురుక్కుమన్నాయి, ఇంకా లేతగానే ఉన్నాయి, అవతలా ఇవతలా చిన్న చిన్న గాట్లు. అక్కణ్ణించే లోపలికి గొట్టం దించి, ఊపిరితిత్తిని కాస్త పక్కకి తప్పించి, వెన్నుపక్కన దాక్కున్న నరాన్ని పట్టుకుని కత్తిరించింది సర్జనమ్మ. చేతులకి చెమట పట్టమని కబుర్లు మోసేది ఆ నరమేనట. ఇన్నేళ్ళూ ఆ కబుర్లమారి నరం నా మీద ఎన్ని చాడీలు మోసిందో. సర్జనమ్మ ముందే చెప్పింది, దాచలేదు, ఒకచోట దారి మూసేస్తే ఒళ్ళు ఇంకోచోట దారి వెతుక్కోవచ్చమ్మా, వీపు, పొట్ట, చెప్పలేం, బాగా ఆలోచించుకో అని. ఆలోచించుకోవడానికేముంది, చేతులు తప్ప ఎక్కడైనా పట్టనీ అన్నాను. మత్తు దిగుతుంటే ముందు తెలిసింది గొంతు మంట, తరవాత ఛాతీలో బరువు, ఆ తరవాత చేతులు. చేతులు వెచ్చగా ఉన్నాయి. ఏవో తొడిగినట్టున్నాయి. తొడుగులు తీసెయ్యండి, అన్నానట నర్సుతో. తొడుగులేం లేవమ్మా, అవి నీ చేతులే, అందట ఆవిడ. నాకు అప్పుడు అర్థం కాలేదు. దుప్పటిని పట్టుకుంటే దుప్పటి గరుగ్గా తగిలింది, నూలు పోగులు పోగులుగా తెలిశాయి, అంతకుముందు నాకు తెలిసిన బట్టలన్నీ తడిబట్టలే.

తడిబట్ట అంటే నేనే. ముద్దుపేరు అది, బళ్ళో పెట్టారు. నా పక్కన కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కానీ చెయ్యి పట్టుకుని ఆడే ఆటలో మాత్రం వద్దు, వద్దు, తడిబట్ట వద్దు. పరీక్ష కాయితం మీద సిరా కొట్టుకుపోయేది, లెక్కలూ చరిత్రా అన్నీ కలిసి ఓ నీలం మడుగు, టీచరు కాయితాన్ని చివర పట్టుకుని పైకెత్తి, ఏమ్మా, ఈత కొట్టి వచ్చావా అంది, తరగతి తరగతంతా పగలబడి నవ్వింది. అదొక లెక్కా. తరవాత ఓ ఆఫీసులో కొన్నాళ్ళు చేశాను, అక్కడ హాజరుకి వేలు పెట్టే మిషను. రోజూ పొద్దున్నే వేలు పెట్టడం, తుడవడం, పెట్టడం, ఊదడం, పెట్టడం, వెనక లైనంతా సణుగుడు. మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే ఆబ్సెంటు వేసిన ఘనత ఆ మిషనుది. మందులు వాడాను, నోరు ఎండిపోయి మాట పెగిలేది కాదు కానీ చేతులు మాత్రం చక్కగా కారేవి. నీళ్ళ పళ్ళెంలో చేతులు పెట్టి కరెంటు పెట్టించుకున్నాను, చీమలు కుట్టినట్టుండేది, వారం పొడిగా ఉండేవి, మళ్ళీ మామూలే. లేపనాలు రాశాను, చర్మం ఊడింది, చెమట ఊడలేదు. ఒక్కోసారి ఇంట్లో భేషుగ్గా పొడిగా ఉన్న చెయ్యి, బల్ల దగ్గరికి వెళ్ళి ట్వీజరు పట్టుకోగానే ఊట పుట్టేది. అందుకే ఆపరేషనయ్యాక ఇన్ని వారాలుగా చేతులు పొడిగా ఉన్నా నేను నమ్మలేదు, స్టీలు ముట్టుకోలేదు. ఇంతకుముందు కూడా ఇలాగే నమ్మించాయి కదా. ఇక ఈ మిషను చెప్పాలి, గీత చెప్పాలి, అప్పుడు నమ్ముతా.

"వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి. పైకే చెప్పండి. తొందరగా." తొంభై మూడు, ఎనభై ఆరు, పోయినసారి ఇక్కడే నా పని అయిపోయింది, డెబ్భై తొమ్మిది, లెక్క తప్పుతానేమోనన్న భయానికే బొటబొటా కారిపోయింది, డెబ్భై రెండు, అసలు పోయినసారి కాదు, దానికి ముందుసారి చెప్పుకోవాలి, అరవై అయిదు, మొదటి కొలతరోజు. డాక్టరు దగ్గరికి వెళ్తూ ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, చేతులు శుభ్రంగా పెట్టుకుని వెళ్ళాను. ముందురోజే లేపనం దట్టించాను, పొద్దున్నే పౌడరు మెత్తాను, గదిలోకి పిలవగానే అలవాటు కొద్దీ తొడకేసి రుద్దుకున్నాను, చెయ్యి చాపమనగానే రుమాలు ఒత్తి మరీ చాపాను. యాభై ఎనిమిది. ఈ రోగంతో బతికినవాళ్ళకి నేర్పక్కర్లేదు, మనకి తెలియకుండానే చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. గీత మామూలు మనుషుల గీతకన్నా ఓ వీసమే ఎక్కువ లేచింది. ఇంత చెమట అందరికీ పడుతుందమ్మా, దీనికి ఆపరేషనెందుకు, అంది సర్జనమ్మ. యాభై ఒకటి. రోగం ఉందని చూపించుకోడానికి వెళ్ళి, లేదని రుజువు చేసుకుని వచ్చిన మహాతల్లిని నేనే. బయటికొచ్చి ఏడుపు దిగమింగుకుంటుంటే అప్పుడు మొదలైంది, అప్పుడు, వేళ్ళ చివర్లనుంచి చుక్కలు చుక్కలు, చెప్పుల మీద. నలభై నాలుగు. అత్తయ్య చూసింది. నా మణికట్టు పట్టుకుని బరబరా లోపలికి ఈడ్చుకెళ్ళి, సర్జనమ్మ బల్ల మీద ఉన్న తెల్ల కాయితం మీద నా చేతిని ఫెడీమని వేసి, "మీ మిషనుకి కనబడలేదు కదా, మీరు చూడండి," అంది. కాయితం చేతికి అంటుకుపోయి పైకి లేచింది. ముప్ఫై ఏడు. సర్జనమ్మ నవ్వాపుకుంది, కొలతలాయన మాత్రం ఆపుకోలేదు, "వీళ్ళంతా ఇంతేనండీ, దాచేసి వచ్చి కొలవమంటారు," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండిపోయినా ఆయన చెప్పింది నిజం. ముప్ఫై, ఇరవై మూడు. వారం తరవాత మళ్ళీ రమ్మన్నారు, లేపనం లేదు, పౌడరు లేదు, రుమాలు గుమ్మం బయటే లాగేసుకున్నారు. చేతులు గాల్లో చాపి కూర్చోవాలి, తుడుచుకోకూడదు. పరాయి మగమనిషి ఎదురుగా చుక్కలు నేలమీద పడుతుంటే చూస్తూ కూర్చోవాలి. పదహారు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను, చావలేదు. గీత స్క్రీను పైఅంచు దాటి వెళ్ళిపోయిందట, ఇంకో కొలత పెట్టి మళ్ళీ గీయాల్సొచ్చిందట. తొమ్మిది, రెండు. అయిపోయిందండీ, ఇంకా తియ్యమంటే అప్పు చెయ్యాలి. "బాగా చెప్పారు," అన్నాడు కొలతలాయన. గీత గురించి మాత్రం నోరు మెదపలేదు.

నా చూపు ఆయన మొహం మీదే ఉంది. కనుబొమ్మ కాస్త లేచిందా? లేచినట్టే ఉంది. ఏదో రాసుకున్నాడు. వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం ఒకటి ధనామని కింద పడేశాడు, ఉలిక్కిపడ్డాను, "క్షమించండి, ఇది కూడా పరీక్షే," అన్నాడు. ఇలాంటి ఉద్యోగం నాకూ ఇస్తే బాగుండును, జీతమిచ్చి పళ్ళేలు పడెయ్యమంటున్నారు. "ఇప్పుడు మీకు బాగా భయం వేసిన సంగతి ఒకటి గుర్తు తెచ్చుకోండి. నాతో చెప్పక్కర్లేదు." గుర్తు తెచ్చుకోవాలా, అదెప్పుడు మర్చిపోయాను కనక.

చిన్న గడియారం, గుండ్రటిది, బంగారు రంగు పోయి ఇత్తడి తేలింది. అప్పటికి అత్తయ్య పక్కన కూర్చుని కళ్ళతో అంతా నేర్చేసుకున్నాను, ఏ స్క్రూ ఎటు తిరుగుతుందో, ఏ చక్రం కింద ఏ చక్రం ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇవాళ ఇది నువ్వు చెయ్యవే, అంది. చేశాను. ఒళ్ళు బిగబట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, విప్పాను, కడిగాను, బిగించాను, నూనె చుక్క సూదిమొనతో పెట్టాను, బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది, నా చేతికింద, నా వల్ల, ఊగుతోంది. అత్తయ్య భూతద్దం పెట్టుకుని చూసి, చెయ్యి తిరుగుతోందే నీకు, అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు, అంత సంతోషం. కొన్ని వారాలకి అదే గడియారం వెనక్కి వచ్చింది, ఆగిపోయిందని. అత్తయ్య మూత తీసింది. లోపల స్టీలు మీద గోధుమరంగు తుప్పు, తుప్పు కూడా తిన్నగా పట్టలేదు, సున్నాలు సున్నాలుగా, చుట్లు చుట్లుగా, నా బొటనవేలి ముద్ర. ఎవరో చెక్కినట్టు స్పష్టంగా. నా చెమట స్టీలుని తినేస్తుందని అప్పుడు తెలిసింది, అందరి చెమటా అలా తినదట, కొందరిదే. అత్తయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. భూతద్దం కంటినుంచి తీసి బల్లమీద పెట్టి, ఆ గడియారం తెచ్చినాయనకి వేరే గడియారం ఇచ్చి పంపింది. తరవాత నా వేళ్ళకి రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చింది. వాటిలో చెమట నిండి, ట్వీజరు జారి, స్క్రూ ఎగిరి ఎటుపోయేదో. పోనీలే, నువ్వు ముందర కూర్చుని బెల్టులు చూడు, అంది. అంతే, ఆ బల్లకీ నాకూ మధ్య నాలుగడుగులే, అన్నేళ్ళు దాటలేకపోయాను.

అరచెయ్యి జివ్వుమంటోంది. అది నాకు తెలిసిన జివ్వుమనడమే. చర్మం కింద సూదులు, ముందు అరచేతి మధ్యలో, తరవాత వేళ్ళ మొదట్లో, ఆ తరవాత ఊట. వస్తోందా? వస్తోంది. అయ్యో. ఆయన వేడిదీపం నా భుజాలవైపు తిప్పి వెలిగించాడు, పసుపు వెలుగు, మెడమీద సెగ. తుడుచుకోవాలి, ఒక్కసారి తుడుచుకుంటే చాలు, ఎడమచెయ్యి అప్పుడే తొడకేసి కదిలింది. "తుడుచుకోకండి." తుడవట్లేదండీ, అన్నాను, అబద్ధం. వేడి పెరుగుతోంది. ఎక్కడో చుక్క కదిలింది, కదిలి జారుతోంది, సన్నగా, చల్లగా, ఆ జారడం నాకు కొత్తా, పుట్టినప్పటినుంచి తెలుసు, ఇంకోటి, దాని వెనకే ఇంకోటి. అయిపోయింది. నరం కత్తిరించినా ఇంకో నరం పుట్టించుకుంది నా ఒళ్ళు, అంత పంతం దానికి. ఊపిరితిత్తి పక్కకి తోయించుకున్నాను, గాట్లు పెట్టించుకున్నాను, మత్తులో వాంతులు చేసుకున్నాను, అన్నీ ఈ నరంగాడి సరదాకేనా. సరే, పెట్టెయ్ అత్తయ్యా సంతకం, ఆయన రేపే గోడ కొట్టేసుకుంటాడు, నీ కుర్చీ ఉన్నచోట ఫోన్లకి తొడిగే అట్టలు వేలాడతాయి, రంగురంగులవి, నేను అక్కడే నిలబడి అట్టలమ్ముతాను, ప్లాస్టిక్కి తుప్పు పట్టదు కదా. చుక్కలు జారుతూనే ఉన్నాయి.

"పడుతోందండీ, నాకు తెలుస్తోంది," అన్నాను, ఇంక ఉండబట్టలేక.

"పడుతోంది," అన్నాడు కొలతలాయన, తల ఎత్తకుండా.

దీపం ఆర్పాడు. కుర్చీ చక్రాల మీద వెనక్కి జరిగి, స్క్రీను అంచు పట్టుకుని మెల్లిగా నావైపు తిప్పాడు. రెండు గీతలున్నాయి. ఒకటి ఎర్రది, చివరికొచ్చేసరికి మెట్లెక్కినట్టు ఎక్కి ఎక్కి పైకి పోయింది. రెండోది నీలంది, అడుగున, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, స్కేలు పెట్టి గీసినట్టు. ఎర్రగీత చూసి నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, ఇంకేం కనబడలేదు. "చూశారా, ఎలా లేచిందో," అన్నాను. "అది వీపండి," అన్నాడు ఆయన. "నీలం గీత మీ చెయ్యి. ఇదిగో ఇక్కడ లెక్కలు, ఇక్కడ పళ్ళెం, ఇక్కడ మీ భయం సంగతి, ఇక్కడనుంచి దీపం. ఎక్కడైనా లేచిందేమో మీరే వెతకండి."

వెతికాను. కళ్ళు తుడుచుకుని, స్క్రీనుకి ముక్కు ఆనించి, ఓ స్ప్రింగు చిక్కు చూసినట్టు చూశాను. లేవలేదు. తుప్పు గడియారం గుర్తుచేసుకున్న చోట కూడా లేవలేదు, నా మనసు అంత గోల పెడుతుంటే నా చెయ్యి నిశ్చింతగా నిద్రపోయింది. ఆయన గిన్నె ఊడదీశాడు. అరచేతి మీద గుండ్రటి ముద్ర, లోపల చర్మం పొడిగా, ఉట్టి పొడిగా, గీతలన్నీ కనబడుతూ. వేలితో రుద్దాను, సర్రుమని చప్పుడైంది. నా చేతికి చప్పుడుంది! మళ్ళీ రుద్దాను. నవ్వొచ్చింది, ఆగలేదు, చొక్కా మొత్తం వీపుకి అతుక్కుపోయి ఉంది, చెమట నడుముదాకా కారుతోంది, నేను పిచ్చిదానిలా నవ్వుతున్నాను. ఆయన మొహం సీరియస్‌గా పెట్టి, "వీపు చెమట బాగా ఎక్కువగానే ఉందండీ. వేసవిలో ఇబ్బంది పెడుతుంది. కొందరు అసలెందుకు చేయించుకున్నామా అని బాధపడతారు కూడా. సర్జన్‌గారితో చెప్పండి," అన్నాడు. పట్టనివ్వండి. బకెట్లు పట్టనివ్వండి, రోజుకి నాలుగు చొక్కాలు మారుస్తాను, నాకేం. "నేను వీపుతో గడియారాలు బాగుచెయ్యను కదండీ," అన్నాను. ఈసారి ఆయన జోకుకి కాదు, నా జోకుకి ఇద్దరం నవ్వాం. వస్తూ వస్తూ చెయ్యి చాపాను. నేనే ముందు చాపాను, తుడుచుకోకుండా. ఆయన పట్టుకుని ఊపాడు. అంతే, ఏమీ జరగలేదు, ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి రాసుకోలేదు, మనుషులు రోజూ చేసుకునే పనే. నాకు మాత్రం ఒళ్ళంతా పండగలా ఉంది.

వరండాలో అత్తయ్య బెంచీ చివర కూర్చునుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని, నేను వచ్చిన తలుపుకేసి కాక పక్క తలుపుకేసి చూస్తూ, కన్ను సరిగ్గా ఆనక. "అత్తయ్యా," అన్నాను. గిరుక్కున తిరిగింది.

"అయిందా?"

"గీత లేవలేదు. ఒక్కసారి కూడా లేవలేదు. లెక్కలకి లేవలేదు, వేడికి లేవలేదు, బెదరగొట్టినా లేవలేదు."

"సరే పద, ఆకలేస్తోంది."

ఆస్పత్రినుంచి వచ్చి ఇన్ని వారాలైంది, ఏదీ ఓసారి చెయ్యిలా చూపించవే అని మాటవరసకైనా అడగలేదు ఈవిడ. అడుగుతుందనీ, చూపిస్తాననీ, చూసి ఏమంటుందోననీ రోజూ అనుకున్నాను. పోనీ నమ్మకం లేదేమో, కొలత అయ్యాక అడుగుతుందిలే అనుకున్నాను. కొలతా అయింది, ఆకలేస్తోందట. "సరే పద ఏమిటత్తయ్యా! అంత తేలిగ్గా అనేస్తావేం!" నా అరుపుకి వరండాలో వాళ్ళు తలలు తిప్పారు.

"మరి గంతులెయ్యమంటావా ఈ మోకాళ్ళతో?" అని లేచి నిలబడి, సంచీ భుజాన వేసుకుంది. "పోయిన వారం ఒకావిడ గడియారం తెచ్చింది. ఆడవాళ్ళది, గోరంత మిషను. హెయిర్ స్ప్రింగు చిక్కుపడిపోయింది. తీసుకున్నా. రేపు సాయంత్రం వస్తుంది."

"ఎందుకు తీసుకున్నావ్? నీకు కనబడదు కదా, ఎవరు చేస్తారు?"

"మా మేనకోడలు చేస్తుందని చెప్పా."

"పోయిన వారమా?" నాకు అర్థం కాలేదు. "కొలత ఇవాళ కదా. గీత లేచుంటే ఏం చేసేదానివి? ఆవిడకేం చెప్పేదానివి?"

"నీ గీతలూ అవీ నాకు తెలియవే. నేను ఎప్పుడో కొలిచేశా."

"దేంతో కొలిచావ్?"

అత్తయ్య మొహం పక్కకి తిప్పుకుంది. "ఆస్పత్రినుంచి వచ్చిన రోజునుంచీ చూస్తున్నా. నువ్వు నిద్రపోయాక వచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. రోజూ. ఒక్కరోజు తడి తగిలితే ఒట్టు. ఓ రోజు నిద్రలో ఉలిక్కిపడి, తుప్పు, తుప్పు అని కలవరించావ్, వణికిపోయావ్, నాకే భయమేసింది. అప్పుడూ చూశా. పొడిగానే ఉంది. మర్నాడే ఆ గడియారం తీసుకున్నా. ఇంకేం కావాలి?"

ఏడుపొచ్చింది, బాహాటంగా, వరండా మధ్యలో నిలబడి ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఆవిడ నా చెయ్యి పట్టుకోనిది అసహ్యంతో అనుకున్నాను, నేను సిగ్గుతో చచ్చిపోతానని పట్టుకోలేదని ఎప్పుడూ తట్టలేదు. ఈవిడ నాకన్నా ముందే నమ్మింది, మిషనుకన్నా ముందే నమ్మింది, నమ్మి ముక్కూమొహం తెలియని మనిషికి నా మీద మాట ఇచ్చేసింది. ఇప్పుడు నేనే చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, గట్టిగా, వేళ్ళలో వేళ్ళు పెట్టి. ముసలి చెయ్యి, వేళ్ళ చివర్లు కాయలు కాసి గట్టిపడిపోయి ఉన్నాయి. వదిలించుకోలేదు.

"రేపు పొద్దున్నే లే. వెలుతురుండగానే చేసెయ్యాలి," అంది.

"రేపెందుకు, ఇప్పుడే కూర్చుంటా," అన్నాను.

"తిన్నాక."

"కూర్చున్నాక తింటా," అని ఆవిణ్ణి లాక్కుంటూ మెట్లకేసి నడిచాను, నెమ్మదే, నెమ్మదే, అని ఆవిడ వెనకనుంచి తిడుతూనే ఉంది.